సైగల భాష ఇంటర్‌ప్రెటర్ వీడియోలో ఉంటే చాలా, మనిషి పక్కనే ఉండాలా?

పోయిన నెల మా వదిన స్నేహితురాలి తమ్ముడు ఫోన్ చేశాడు. వాళ్ల అక్కకి ఎనిమిదో నెల, ఆమె బధిరురాలు. కాన్పు రోజు ట్యాబ్‌లో వీడియో కాల్ పెట్టి సైగల భాష ఇంటర్‌ప్రెటర్‌ని చూపిస్తామని హాస్పిటల్ వాళ్లు అన్నారట, ఒప్పుకోమంటారా అక్కా అని అడిగాడు. ఒక్క మాటలో చెప్పలేకపోయాను, గంటసేపు మాట్లాడాం. అప్పుడు చెప్పినవీ, ఫోన్ పెట్టేశాక గుర్తొచ్చినవీ కలిపి ఇక్కడ రాస్తున్నాను. హైదరాబాద్‌లో ఇప్పుడు వీడియో ఇంటర్‌ప్రెటర్లు దొరకడం మునుపటికంటే తేలికైంది కాబట్టి ఇక మనిషి రావాల్సిన పనే లేదని కొందరు అనుకుంటున్నారు, ఇంకొందరు వీడియో అంటేనే వద్దంటున్నారు. నా అనుభవంలో రెండూ తప్పే.

నేను శిక్షణ పొందిన ఇంటర్‌ప్రెటర్‌ని కాను. మా అన్నయ్య, వదిన ఇద్దరూ బధిరులు, నేను వినగలను. పదేళ్ల వయసు నుంచి బ్యాంకులో, హాస్పిటల్లో, ఆఖరికి పెళ్లిచూపుల్లో కూడా అన్నయ్యకి దుబాసీని నేనే. నాన్నకి జబ్బు చేసినప్పుడు రిపోర్టు చూసి డాక్టర్ చెప్పిన మాటని నేను సగం మింగేసి, 'కొంచెం సీరియస్, మందులతో తగ్గుతుంది' అని అన్నయ్యకి సైన్ చేశాను. నాన్నతో గడపాల్సిన ఆ రెండు నెలలు అన్నయ్య మామూలుగా ఆఫీసుకి వెళ్లొచ్చాడు. ఆ తర్వాత నేను ఆ పని మానేశాను, మా ఇంట్లో ఏ ముఖ్యమైన విషయానికైనా బయటి ఇంటర్‌ప్రెటర్‌నే పిలుస్తున్నాం. వీడియోనా, మనిషా అన్న చర్చకంటే ముందు ఇది తేలాలి: అక్కో, తమ్ముడో, పదేళ్ల కూతురో ఇంటర్‌ప్రెటర్‌కి బదులు కాదు. డాక్టర్ 'మీరున్నారుగా, మీరే చెప్పండి' అంటే మర్యాదగా కుదరదని చెప్పండి.

ఇంకో విషయం కూడా ముందే తెలియాలి. ఇండియన్ సైన్ లాంగ్వేజ్ అంటే తెలుగుని చేతులతో చూపించడం కాదు, దాని వ్యాకరణం దానిది. 'ఏంటి', 'ఎక్కడ' లాంటి ప్రశ్నలు వాక్యం చివర వస్తాయి, 'లేదు', 'కాదు' కూడా చివరే. అవునా కాదా అని అడిగేటప్పుడు కనుబొమ్మలు పైకి లేస్తాయి. 'నొప్పి ఉంది'కీ 'నొప్పి ఉందా'కీ మధ్య తేడా కనుబొమ్మల్లోనే ఉంటే, చిన్న తెరమీద ముఖం మసకబారినప్పుడు ఏమవుతుందో ఆలోచించండి. మందుల పేర్లు, మనుషుల పేర్లు అక్షరాలుగా చూపించాల్సి వస్తే మన దేశంలో ఎక్కువగా రెండు చేతులూ వాడతారు, అంటే ఒక చేత్తో ఫోన్ పట్టుకున్న మనిషి సగం మూగబోయినట్టే. పైగా సైన్ భాషలో మనుషుల్ని గాలిలో ఒక చోట నిలబెడతారు. డాక్టర్ ఎడమవైపు, అత్తగారు కుడివైపు అని ఒకసారి పెట్టుకుంటే తర్వాత ఆ వైపు వేలు చూపిస్తే చాలు. ఇంటర్‌ప్రెటర్ గదిలో ఉంటే ఆ వేలు నిజంగా డాక్టర్ వైపే చూపిస్తుంది. తెరలో ఉంటే గోడవైపో తలుపువైపో చూపిస్తుంది, బధిరుడే మనసులో దాన్ని తిప్పుకుని అర్థం చేసుకోవాలి.

పేర్ల దగ్గర కూడా గందరగోళం ఉంది, దాన్ని త్వరగా తేల్చేద్దాం. ఇంటర్‌ప్రెటర్ తెరలో ఉండి, మిగతా ఇద్దరూ ఒకే గదిలో ఉంటే అది రిమోట్ ఇంటర్‌ప్రెటింగ్. ముగ్గురూ మూడు చోట్ల ఉంటే, అంటే బధిరుడు ఇంటర్‌ప్రెటర్‌కి వీడియో కాల్ చేస్తే ఆమె అవతలి మనిషికి మామూలు ఫోన్ కలిపి మాట్లాడితే, అది వీడియో రిలే. గ్యాస్ బుకింగ్, కరెంటు బిల్లు గొడవ, డెలివరీ బాయ్‌కి అడ్రస్ చెప్పడం, ఇలాంటివాటికి రిలే హాయిగా సరిపోతుంది, మనిషిని పిలవడం దండగ. ఢిల్లీలోని భారతీయ సైగల భాష పరిశోధన, శిక్షణ కేంద్రం కూడా ఇలాంటి రిలే సేవ మొదలుపెట్టింది. ఈ వ్యాసం మాత్రం ఒకే గదిలో జరిగే మాటల గురించి.

నన్ను నేను అడిగే ప్రశ్న ఒక్కటే

ఇప్పుడు ఈ వాక్యం మధ్యలో వీడియో ఆగిపోతే ఏం పోతుంది? ఐదు నిమిషాల టైం పోతుందంటే వీడియో పెట్టండి. ప్రాణమో, సంతకమో, వాంగ్మూలమో, ఉద్యోగమో పోయేలా ఉంటే మనిషిని పిలవండి. ఈ ప్రశ్న పక్కన ఇంకో రెండు చూస్తాను: బధిర మనిషి ఆ సమయంలో కూర్చుని తెరవైపు నిలకడగా చూడగలరా, గదిలో ఎంతమంది మాట్లాడతారు. వీటన్నిటికంటే ముందు మాత్రం ఆ మనిషినే అడగాలి. వదినని అడగకుండా మేం నిర్ణయించిన రెండుసార్లూ తప్పే చేశాం.

హాస్పిటల్ గురించి ఎక్కువ రాస్తాను, ఎందుకంటే దెబ్బ తిన్నది అక్కడే. నాలుగేళ్ల కింద వదినకి పిత్తాశయంలో రాళ్లు తీసే ఆపరేషన్ జరిగింది. హాస్పిటల్ వాళ్లు చక్రాల స్టాండు మీద ట్యాబ్ తెచ్చారు, వీడియోలో ఇంటర్‌ప్రెటర్ చాలా బాగా చేసింది, పొద్దున సంతకాలు పెట్టించుకునేటప్పుడు వదిన అడిగిన ప్రతిదానికీ జవాబొచ్చింది. మేం సంతోషపడ్డాం. మధ్యాహ్నం స్కానింగ్‌కి తీసుకెళ్లారు, స్కానింగ్ ఉన్నది సెల్లార్‌లో, అక్కడ సిగ్నల్ లేదు, వైఫై లేదు. ఊపిరి బిగపట్టమని, వదలమని గట్టిగా అరిచి చెప్పారట. ఆపరేషన్ తర్వాత పరిస్థితి ఇంకా ఘోరం. మత్తు పూర్తిగా దిగలేదు, కళ్లజోడు తీసేసి ఎవరి దగ్గరో పెట్టారు, కుడిచేతికి క్యాన్యులా (సెలైన్, మందులు ఎక్కించే సన్న గొట్టం) పెట్టి వంగకుండా అట్ట కట్టారు. ట్యాబ్‌ని పక్క టేబుల్ మీద పడుకోబెడితే దాని కెమెరాకి ఫ్యాన్ తప్ప ఏమీ కనపడదు. ఇంటర్‌ప్రెటర్ చేతులు గాల్లో ఉండగానే బొమ్మ బిగుసుకుపోయింది. నర్సు 'నొప్పి తగ్గిందా' అని అడిగితే వదిన తలూపింది. ఆ తలూపడానికి అర్థం 'నువ్వు మాట్లాడుతున్నావని చూస్తున్నాను' అని మాత్రమే. కాగితం మీద నొప్పి తగ్గింది అని పడింది, ఇంకో ఇంజెక్షన్ పడడానికి రెండు గంటలు పట్టింది.

ఆ రోజు నుంచి మా ఇంట్లో నియమాలు ఇవి. ఆపరేషన్, కాన్పు, ఐసీయూ, మత్తు ఇచ్చే ఏ పనైనా, క్యాన్సర్ లాంటి పెద్ద జబ్బు గురించి మొదటిసారి చెప్పే రోజు, మానసిక వైద్యుడి దగ్గర మాటలు, ఫిజియోథెరపీ, వీటికి మనిషే ఉండాలి. పాత జబ్బుకి ఓపీలో చూపించుకోవడం, రక్తపరీక్షల రిపోర్టు, మందులు ఎలా వేసుకోవాలో కనుక్కోవడం, డిశ్చార్జ్ బిల్లు లెక్కలు, వీటికి వీడియో చాలు. అర్ధరాత్రి క్యాజువాలిటీకి పరిగెత్తినప్పుడు మనిషి కోసం ఆగకండి, వెంటనే వీడియో మొదలుపెట్టి, పక్కనుంచి మనిషిని పిలవండి. రాత్రి రెండింటికి ఎవరూ లేకపోవడం కంటే తెరలో ఒకరుండడం వెయ్యి రెట్లు మేలు.

కాన్పు సంగతి వేరుగా చెప్పాలి. నొప్పులప్పుడు ఒళ్లు ఒక చోట ఉండదు, పక్కకి తిరుగుతారు, కళ్లు మూసుకుంటారు, డాక్టర్ కాళ్లవైపు ఉంటుంది, తెర ఎక్కడ పెట్టినా తప్పు చోటే అవుతుంది. పక్కన నిలబడిన ఇంటర్‌ప్రెటర్ తలవైపు ఉండి, ఆమె ఎటు తిరిగితే అటు జరుగుతుంది, కళ్లు తెరిచిన క్షణం పట్టుకుని 'ఇప్పుడు గట్టిగా', 'ఆపు' అని చూపిస్తుంది. చిక్కేమిటంటే ఏ రోజు నొప్పులొస్తాయో తెలియదు. అందుకని డేట్‌కి ముందూ వెనకా కలిపి రెండు వారాలకి ఇద్దరు ఆడ ఇంటర్‌ప్రెటర్లతో మాట్లాడి పెట్టుకోండి, ఒకరు రాలేకపోతే ఇంకొకరు. వాళ్లు చేరేలోపు ఆ గంటసేపూ వీడియో. లేబర్ రూంలోకి ఇంటర్‌ప్రెటర్‌ని రానిస్తామని డాక్టర్ నోటిమాట చాలదు, రాయించుకోండి, ఎందుకంటే ఆ రాత్రి డ్యూటీలో వేరే డాక్టర్ ఉంటారు. క్యాన్యులా ఏ చేతికైనా పెట్టొచ్చు అన్నప్పుడు ఎక్కువగా సైన్ చేసే చేతిని వదిలి రెండో చేతికి, వీలైతే మణికట్టుకి పైన పెట్టమని ముందే చెప్పండి. కళ్లజోడు ఆఖరి నిమిషం వరకూ తీయొద్దని, బయటికి రాగానే మొట్టమొదట అదే పెట్టమని కూడా చెప్పండి. ఈ రెండు మాటలూ కేస్‌షీట్ మీద పెద్దక్షరాలతో రాయించండి.

మనిషి తప్పనిసరి అయిన మిగతా చోట్లు

పోలీస్ స్టేషన్, కోర్టు. 2013లో సాక్ష్యం చట్టాన్ని సవరించినప్పటి నుంచి మాట్లాడలేని సాక్షి చెప్పేది రికార్డు చేయాలంటే ఇంటర్‌ప్రెటర్ లేదా స్పెషల్ ఎడ్యుకేటర్ (వికలాంగులకి చదువు చెప్పే టీచర్) సాయం తీసుకుని, దాన్ని వీడియో కూడా తీయాలి. 2024 జూలై 1 నుంచి అమల్లో ఉన్న భారతీయ సాక్ష్య అధినియమంలో అదే మాట 125వ సెక్షన్‌లో ఉంది. రేపు ఎవరైనా ఆ వీడియో చూసి 'ఆమె అన్నది ఇది కాదు' అని వాదిస్తే తేల్చేది ఆ చేతులే, అందుకని చెప్పేవాళ్ల చేతులూ, ఇంటర్‌ప్రెటర్ చేతులూ రెండూ ఒకే ఫ్రేమ్‌లో పూర్తిగా పడాలి. ఇక్కడ నెట్‌ని నమ్ముకోలేం.

అంటే కోర్టులో వీడియో పనికిరాదని కాదు. 2023 సెప్టెంబర్‌లో బధిర న్యాయవాది సారా సన్నీ సుప్రీంకోర్టులో అప్పటి ప్రధాన న్యాయమూర్తి డి.వై. చంద్రచూడ్ బెంచ్ ముందు వీడియో ద్వారానే, సైగల భాష ఇంటర్‌ప్రెటర్ సాయంతో హాజరయ్యారు. ఇంటర్‌ప్రెటర్‌కి తెరమీద చోటివ్వడం దగ్గర మొదట ఇబ్బంది వచ్చినా చివరికి అనుమతి దొరికింది. నాకు ఆ వార్తలో కనిపించింది ఏంటంటే, అక్కడ అందరూ తెరమీదే ఉన్నారు, ఆమె న్యాయవాది, ఆ పద్ధతీ ఆ మాటలూ ఆమెకి తెలిసినవే, ఇంటర్‌ప్రెటర్‌ని ముందే ఏర్పాటు చేసుకున్నారు. అందరూ తెరమీద ఉన్నప్పుడు తెర అడ్డంకి కాదు. ఒక్క ఇంటర్‌ప్రెటర్ మాత్రమే తెరలో ఉండి మిగతా అందరూ గదిలో ఒకరి మాట మీద ఒకరు మాట్లాడుతున్నప్పుడే తెర కష్టం. అపార్ట్‌మెంట్ అసోసియేషన్ మీటింగ్, ఆస్తి పంపకాల పంచాయితీ, పెళ్లి మాటలు, ఇవన్నీ ఆ కోవలోవే. ఎవరు మాట్లాడారో కూడా ట్యాబ్ మైక్‌లో తెలియదు.

బడికి వెళ్లని పెద్దవాళ్లు, ఊళ్లో ఇంటి సైగలతోనే బతికినవాళ్లు హైదరాబాద్‌కి వైద్యానికి వచ్చినప్పుడు మరీ జాగ్రత్త. వాళ్లకి ఇండియన్ సైన్ లాంగ్వేజ్ రాదు, వాళ్లూ ఇంట్లోవాళ్లూ కల్పించుకున్న సైగలే వచ్చు. ఎదురుగా మనిషి ఉంటే బొమ్మ గీసి, వస్తువు చూపించి, తాను నటించి చూపించి ఎలాగో దారి పడుతుంది. బాగా తెలిసినవాళ్లు ఒక బధిర వ్యక్తిని కూడా ఇంటర్‌ప్రెటర్‌తో జంటగా పెడతారు, ఆయన ఆ సైగల్ని పట్టుకుని ఇంటర్‌ప్రెటర్‌కి మామూలు సైన్‌లో అందిస్తాడు. చూపూ వినికిడీ రెండూ లేనివాళ్లకైతే చేతిలో చెయ్యి పెట్టి చెప్పాలి, అక్కడ వీడియో అన్న ఆలోచనే లేదు. చిన్నపిల్లల దగ్గర కూడా మనిషే మేలు, నాలుగేళ్ల పిల్ల తెరని కార్టూన్ అనుకుంటుంది.

వీడియోనే మేలైన చోట్లు కూడా ఉన్నాయి

ఇది చాలామంది ఒప్పుకోరు కానీ హైదరాబాద్‌లో బధిరుల లోకం చిన్నది, ఒకే స్కూళ్లు, ఒకే క్లబ్బులు, ఒకే వాట్సాప్ గ్రూపులు. ఇంటర్‌ప్రెటర్లు కొద్దిమందే, పెళ్లిళ్లలో పండగల్లో వాళ్లే కనపడతారు. విడాకుల కౌన్సెలింగ్‌కో, ఆడవాళ్ల జబ్బుకో ఆ తెలిసిన ముఖమే ఎదురుగా కూర్చుంటే నోరు విప్పలేరు. వృత్తి నియమం ప్రకారం ఇంటర్‌ప్రెటర్ ఏదీ బయటికి చెప్పకూడదు, మంచివాళ్లు చెప్పరు కూడా, అయినా ఆ మొహమాటం మొహమాటమే. వదిన ఒకసారి కావాలనే వేరే రాష్ట్రంలో ఉన్న ఇంటర్‌ప్రెటర్‌ని వీడియోలో పెట్టుకుంది. నేను మొదట బాధపడ్డాను, తర్వాత ఆమెదే కరెక్ట్ అని తెలిసింది.

బ్యాంకులో కౌంటర్ దగ్గర పని, టీచర్‌తో పదినిమిషాల పేరెంట్స్ మీటింగ్, ఆధార్‌లో అడ్రస్ మార్పు, ఉద్యోగానికి మొదటి రౌండ్ ఆన్‌లైన్ ఇంటర్వ్యూ, వీటికి వీడియో బాగుంటుంది. ఇంటర్వ్యూ జూమ్‌లో అయితే 2022 నుంచి సైగల భాష ఇంటర్‌ప్రెటర్‌కి విడిగా విండో పెట్టే ఏర్పాటు ఉంది, హోస్ట్ దాన్ని ముందే ఆన్ చేయాలి. అది లేకపోతే ఒక చిక్కుంటుంది: ఈ యాప్‌లు శబ్దం ఎక్కడినుంచి వస్తే ఆ ముఖాన్నే పెద్దగా చూపిస్తాయి, సైన్ చేసే మనిషి శబ్దం చేయరు కాబట్టి అసలు అభ్యర్థే చిన్న డబ్బాలో ఉండిపోతారు. అభ్యర్థినీ ఇంటర్‌ప్రెటర్‌నీ స్పాట్‌లైట్ చేయమని, అంటే అందరి తెరమీదా పెద్దగా కనపడేలా పెట్టమని, హెచ్‌ఆర్‌కి ముందురోజే మెయిల్ పెట్టండి.

భాష గురించి ఒక హెచ్చరిక. వీడియో సేవల్లో దొరికే ఇంటర్‌ప్రెటర్ చాలాసార్లు ఉత్తరాది వాళ్లే అయి ఉంటారు, హిందీ, ఇంగ్లీష్‌లో పలుకుతారు. మాదాపూర్ ఆఫీసులో అది ఇబ్బంది కాదు. గాంధీ హాస్పిటల్లోనో ఉస్మానియాలోనో ఆయమ్మ తెలుగులో చెప్పేది, పక్కన అత్తగారు వేసే ప్రశ్న వాళ్లకి అందవు. పాతబస్తీలో అయితే ఉర్దూ వచ్చినవాళ్లు కావాలి. బుక్ చేసేటప్పుడే 'తెలుగు విని అర్థం చేసుకుంటారా, తెలుగులో పలుకుతారా' అని రెండూ విడివిడిగా అడగండి. కొన్ని సైన్‌లు ప్రాంతాన్ని బట్టి మారతాయి కూడా, అమీర్‌పేటకీ దిల్‌సుఖ్‌నగర్‌కీ ఇక్కడివాళ్లు వాడే సైన్ బయటివాళ్లకి తెలియదు. మొదటి రెండు నిమిషాలు ఇద్దరినీ ఊరికే కబుర్లు చెప్పుకోనివ్వండి, ఒకరి చేతులు ఒకరికి అలవాటవుతాయి. డాక్టర్ తొందరపెట్టినా ఆ రెండు నిమిషాలు వదలొద్దు.

వీడియో పెట్టుకుంటే ఇలా పెట్టుకోండి

ఫోన్ వద్దు, కనీసం పది అంగుళాల ట్యాబ్, లాప్‌టాప్ అయితే ఇంకా మంచిది. నిలువుగా కాదు, అడ్డంగా పెట్టండి, నిలువు ఫ్రేమ్‌లో మోచేతులు బయటికి పోతాయి. తల పైనుంచి నడుము దాకా, రెండు మోచేతులూ చాచినా కనపడేంత దూరంలో ఉండాలి. చేత్తో ఎవరూ పట్టుకోకూడదు, స్టాండు కావాలి, స్టాండు లేకపోతే పుస్తకాల దొంతరకి ఆనించండి. కిటికీ వెనక ఉంటే ముఖం నల్లగా పడుతుంది, వెలుతురు ఎదురుగా ఉండేలా కుర్చీ తిప్పండి. బధిర మనిషి వేసుకునే చొక్కా లేదా చీర చేతిరంగుకి తేడాగా, పూలూ గళ్లూ లేకుండా ఉంటే వేళ్లు స్పష్టంగా తెలుస్తాయి. తెర డాక్టర్ పక్కనే ఉండాలి, రెండింటి మధ్య మెడ తిప్పాల్సి వస్తే డాక్టర్ చూపించే ఎక్స్‌రేనో ఇంటర్‌ప్రెటర్ చేతులో ఏదో ఒకటే దక్కుతుంది.

నెట్ సంగతి. మనమంతా స్పీడ్ టెస్ట్‌లో డౌన్‌లోడ్ మాత్రమే చూస్తాం. డౌన్‌లోడ్ వల్ల ఇంటర్‌ప్రెటర్ మనకి కనపడుతుంది, మన చేతులు ఆమెకి కనపడాలంటే అప్‌లోడ్ ఉండాలి. అప్‌లోడ్ కూడా మూడు నాలుగు ఎంబీపీఎస్ నిలకడగా ఉంటేనే నాకు ధైర్యం. హాస్పిటల్ ఫ్రీ వైఫైకి ఓటీపీలు కావాలి, ఉన్నట్టుండి లాగౌట్ అవుతుంది, అందుకే దాన్ని లెక్కలోకి తీసుకోవద్దు. రెండు వేర్వేరు కంపెనీల సిమ్‌లు, రెండో ఫోన్‌లో హాట్‌స్పాట్ సిద్ధంగా, పవర్‌బ్యాంక్, పొడుగు వైరు చార్జర్, ఇవి సంచిలో ఉండాలి. ముందురోజు అదే గదిలో, అదే టైంకి టెస్ట్ కాల్ చేయండి, లిఫ్ట్ దిగి సెల్లార్‌లో కూడా చేయండి. శబ్దం ఇంటర్‌ప్రెటర్‌కి కావాలి కాబట్టి ఏసీ హోరు, ఫ్యాన్ గాలి పడని చోట, డాక్టర్ టేబుల్ మీద చిన్న బయటి మైక్ పెడితే మాట బాగా వెళ్తుంది. మాస్కు తప్పనిసరి కాని చోట డాక్టర్‌ని మాస్కు దించి మాట్లాడమనండి. గది తలుపు వేయండి, అవతల ఇంటర్‌ప్రెటర్ గదిలో కూడా ఇంకెవరూ లేరని అడిగి తెలుసుకోండి, రికార్డింగ్ ఆపించండి.

అమెరికాలో 2010లో సవరించి 2011 మార్చి నుంచి అమలు చేసిన నిబంధనల్లో వీడియో ఇంటర్‌ప్రెటింగ్ ఎలా ఉండాలో రాసిపెట్టారు. బొమ్మ ఆగకుండా, చెదరకుండా, మసకబారకుండా రావాలి, ముఖం, చేతులు, వేళ్లు స్పష్టంగా కనపడేంత పెద్దగా ఉండాలి, మాట స్పష్టంగా వినపడాలి, పరికరాన్ని చకచకా పెట్టడం స్టాఫ్‌కి నేర్పాలి. అది మన దగ్గర చట్టం కాదు. కానీ మన హాస్పిటల్ మేనేజర్‌తో మాట్లాడేటప్పుడు ఆ నాలుగూ అడగడానికి మొహమాటపడొద్దు, మా అనుభవంలో ఎక్కువసార్లు తప్పేది నాలుగోది. ట్యాబ్ ఉంటుంది, పాస్‌వర్డ్ తెలిసినాయన ఆ రోజు సెలవులో ఉంటాడు.

వీడియో మధ్యలో ఆగితే ఏం చేయాలో కూడా ముందే మాట్లాడుకోండి. మా ఇంట్లో ఒక ఒప్పందం ఉంది: అరచెయ్యి నిటారుగా పైకెత్తితే 'ఆపండి, నాకు అర్థం కాలేదు' అని. అది డాక్టర్‌కీ నర్సుకీ మొదట్లోనే చూపిస్తాం. చెయ్యి లేచిన తర్వాత ఎవరూ ఏదీ అడగరు, ఏదీ రాయరు, సంతకం పెట్టించరు. మళ్లీ కలిశాక ఆగిన చోటునుంచి కాకుండా, ఆ ప్రశ్నని మొదటినుంచి చెప్పమనండి. రెండుసార్లు ఆగితే ఆ రోజుకి వాయిదా అడగండి. అన్నయ్య మొదట్లో వీటికి సిగ్గుపడేవాడు, అందరి టైం వేస్ట్ చేస్తున్నానని. ఇప్పుడు చెయ్యి ఎత్తేస్తాడు.

మనిషిని పిలిచేటప్పుడు

మొదట అర్హత అడగండి. భారతీయ పునరావాస మండలి గుర్తించిన రెండేళ్ల డిప్లొమా ఉంది, అది చేసినవాళ్లకి రిజిస్ట్రేషన్ నంబర్ ఉంటుంది. డిప్లొమా లేకపోయినా బధిర తల్లిదండ్రులకి పుట్టి ఏళ్లకేళ్లు ఈ పని చేసిన గొప్పవాళ్లున్నారు, కానీ కోర్టు, పోలీసు పనులకి నంబర్ ఉన్నవాళ్లనే తీసుకోండి. ఎవరూ తెలియకపోతే సికింద్రాబాద్ మనోవికాస్‌నగర్‌లో అలీ యావర్ జంగ్ జాతీయ సంస్థ ప్రాంతీయ కేంద్రం ఉంది, నేను మొదట వెళ్లి అడిగింది అక్కడే. నగరంలో బధిరుల కోసం పనిచేసే సంస్థలనూ, బధిర స్నేహితులనూ అడగండి, ఫలానా ఆమె చేతులు స్పష్టంగా ఉంటాయా లేదా అన్నది వాళ్లకంటే బాగా ఎవరూ చెప్పలేరు.

కనీసం పది రోజుల ముందు చెప్పండి. ఏ డిపార్ట్‌మెంట్, ఏ జబ్బు, ఏ మందులు, ఎవరెవరు ఉంటారు అన్నది రాసి పంపితే వాళ్లు మాటలు సిద్ధం చేసుకుని వస్తారు. కనీసం ఎన్ని గంటలకి లెక్క, ప్రయాణం ఖర్చు ఎవరిది, చివరి నిమిషంలో క్యాన్సిల్ అయితే ఎంత, ఇవి ముందే తేల్చుకోండి. ట్రాఫిక్‌ని తక్కువ అంచనా వేయకండి: కూకట్‌పల్లిలో ఉన్నావిడని ఎల్‌బీ నగర్‌కి పిలిస్తే మెట్రోలో రమ్మనండి, మియాపూర్–ఎల్‌బీ నగర్ లైన్ ఒక్కటే, మారాల్సిన పని లేదు. నిమ్స్‌కైనా పంజాగుట్టలోనో ఇర్రంమంజిల్‌లోనో దిగితే చాలు. అపాయింట్‌మెంట్‌కి అరగంట ముందు టైం చెప్పండి. గంటకి మించిన పనైతే ఇద్దరు కావాలి, ఇరవై ముప్పై నిమిషాలకోసారి మారతారు. అలసిన ఇంటర్‌ప్రెటర్ మాటలు వదిలేస్తుంది, ఆ సంగతి ఆమెకే తెలియదు. ఖర్చు రెట్టింపు అని దీన్ని తీసేయకండి.

కూర్చోవడం ఇలా: ఇంటర్‌ప్రెటర్ డాక్టర్ పక్కన, కొంచెం వెనక్కి, బధిర మనిషి ఎదురుగా. డాక్టర్ 'ఆమెని అడగండి' అని ఇంటర్‌ప్రెటర్‌తో కాకుండా నేరుగా బధిర మనిషితోనే 'మీకు ఎప్పటినుంచి నొప్పి' అని అడగాలి. ఇది వీడియోకైనా మనిషికైనా ఒకటే.

ఇక అడగడం ఎలా. 2017 ఏప్రిల్ 19 నుంచి అమల్లో ఉన్న వికలాంగుల హక్కుల చట్టం, 2016 సైగల భాషని కమ్యూనికేషన్ నిర్వచనంలోనే చేర్చింది. 25వ సెక్షన్ ప్రభుత్వ, ప్రైవేటు హాస్పిటళ్లు రెండింటిలోనూ అడ్డంకులు లేకుండా చూడాలంటుంది, 12వది కోర్టులూ కమిషన్ల ముందు న్యాయం అందడం గురించి. నోటితో అడిగితే 'చూద్దాం' అంటారు, కాబట్టి రాసివ్వండి, రెండో కాపీ మీద ముద్ర వేయించుకోండి. మేం రాసేది ఇంతే: 'నేను బధిర వ్యక్తిని, నా భాష ఇండియన్ సైన్ లాంగ్వేజ్. ఫలానా తేదీన ఫలానా డాక్టర్ దగ్గర నాకు శిక్షణ పొందిన ఇంటర్‌ప్రెటర్ నేరుగా వచ్చి ఉండాలి. వీడియో ఇంటర్‌ప్రెటర్ నాకు ఈ కారణాల వల్ల సరిపోదు: నేను పడుకుని ఉంటాను, చేతికి సెలైన్ ఉంటుంది, స్కానింగ్ గదిలో నెట్ లేదు. నేరుగా ఏర్పాటు చేయలేకపోతే ఎందుకో మూడు రోజుల్లో రాతపూర్వకంగా చెప్పండి.' కారణాలు రాయడం ముఖ్యం, 'నాకు ఇష్టం లేదు' అంటే తోసేస్తారు. ప్రభుత్వ కార్యాలయమైతే ఫిర్యాదులు చూసే అధికారి ఉండాలని అదే చట్టంలో ఉంది. అక్కడా తేలకపోతే, ప్రైవేటు హాస్పిటల్ విషయంలో కూడా, వికలాంగుల రాష్ట్ర కమిషనర్‌కి రాయొచ్చు.

ఫోన్ చేసిన తమ్ముడు ఈ ఉత్తరమే కొంచెం మార్చి ఇచ్చాడు. ఇంటర్‌ప్రెటర్ ఖర్చులో సగం హాస్పిటల్ భరిస్తామంది, లేబర్ రూంలోకి అనుమతి కాగితం ఇచ్చింది. ఉప్పల్‌లో ఉండే ఇంటర్‌ప్రెటర్ ఒకరు, మలక్‌పేట నుంచి ఇంకొకరు, ఇద్దరూ ఒప్పుకున్నారు. ట్యాబ్ కూడా ఉంటుంది, వాళ్లు దారిలో ఉన్న గంటకోసం. మొన్న వాళ్లక్కే నాకు వీడియో కాల్ చేసింది, ఎడమచెయ్యి పైకెత్తి మణికట్టు పైన వేలితో ఒక చోట చూపిస్తూ: క్యాన్యులా ఇక్కడ, నర్సుకి చెప్పేశాను అని.